మనిషి కావలెను, మంచి మనిషే కానక్కర్లేదు

మా హిందూపురం మార్కెట్లో చింతపండుకు సాంపిల్ చూపిస్తారు. బెల్లం అచ్చు విరిచి లోపలి రంగు చూపిస్తారు. పట్టుగూళ్లను వేలం వేస్తారు. నాణ్యం చూడకుండా, ధర తేలకుండా ఏ సరుకూ చేతులు మారదు. లేవలేని మనిషిని చూసుకోవడానికి ఇంకో మనిషిని పెట్టుకునేటప్పుడు మాత్రం ఇవేవీ ఉండవు. "ఎవురన్నా మంచి మనిషుంటే చెప్పప్పా" అని నలుగురి చెవిన వేస్తాం. ఆ నలుగురూ ఇంకో నలుగురి చెవిన వేస్తారు. కొన్నాళ్లకు ఎవరో ఒకాయన సంచితో సహా గుమ్మంలో నిలబడి "రమ్మన్నారంట, ఏం పని సార్?" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏం పనో చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

"ఏముందప్పా, పెద్దాయనకు తోడుగా ఉండడమే" అంటారు చివరికి.

తోడుగా ఉండడమంటే పొద్దున్నే ఆ పెద్దాయనను బాత్రూంకు చేర్చి, పనయ్యాక కడిగి, మళ్లీ మంచం మీదికి చేర్చడమని ఆ మనిషికి మర్నాడు తెలుస్తుంది. మధ్యాహ్నం బస్సుకు సంచితో సహా వెళ్లిపోతాడు. "ఈ కాలంలో మంచి మనుషులు యాడున్నారప్పా" అని మనం నిట్టూరుస్తాం.

ఆ పెద్దాయన నేనే. రిటైరైన సోషల్ టీచర్ని. పసితనంలోనే పోలియో వచ్చింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో మనకు పోలియోరహిత దేశమని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు మా వీధి దాకా వచ్చి నా ఎడమకాలికి చూపించలేదు, అది ఇంకా పాత సంగతే పట్టుకొని ఉంది. క్యాలిపర్ తొడుక్కొని, చంకకర్రల మీద బడికి వెళ్లి, మొగలుల నుంచి మౌంట్‌బాటెన్ దాకా పాఠాలు చెప్పాను. పోలియో వచ్చిన కొన్ని దశాబ్దాలకు, అంతవరకూ బాగా పనిచేసిన కండరాలు కూడా నీరసపడతాయట. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని దానికో పేరుంది. కర్రల మీద ఒళ్లంతా మోసిన భుజాలు నాతోపాటే రిటైరయ్యాయి. వాటికి పింఛను కూడా లేదు. ఇప్పుడు నా వాహనం చక్రాల కుర్చీ.

కుర్చీలోకి ఎక్కించేదీ దించేదీ మా ఆవిడే. ఒకరోజు ఆమె, పాలవాడి లెక్క చెప్పినంత మామూలుగా, "నా మోకాళ్లు ఇంక మీ బరువు మోయవు. మనిషిని పెట్టుకుందాం. ఈసారి నలుగురి చెవిన వెయ్యద్దు, ఏం పనో కాయితం మీద రాయండి" అంది.

రాయడమంటే నాకు భయం లేదు. జవాబును వ్యాసంలా సాగదీయకుండా పాయింట్లుగా రాయమని తరాల పిల్లలకు చెప్పినవాణ్ని. కాకపోతే మా కుటుంబంలో ఏ కాయితమైనా పదిమంది చేతులు మారందే పూర్తి కాదు.

మొదటి చెయ్యి పెనుకొండ మేనల్లుడిది. వాడు అక్కడ కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో హెచ్ఆర్. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక మా వైపు కుర్రాళ్ల మాటల్లో షిఫ్టు, లైను, ఆడిట్ అనేవి చెనిక్కాయల పంట కంటే ఎక్కువగా వినబడుతున్నాయి. "మామా, దాన్ని జాబ్ డిస్క్రిప్షన్ అంటారు. నాకు వదిలెయ్" అని వాడు ఆ రాత్రే ఫోన్‌కు పంపించాడు.

పోస్టు పేరు: పర్సనల్ కేర్ అసోసియేట్. పనిచేసే చోటు: హిందూపురం, బెడ్‌రూమ్. అర్హతలు: సవాళ్లను ఇష్టపడాలి, ఒత్తిడిలోనూ చిరునవ్వు చెదరకూడదు, బృందంతో కలిసి పనిచేయాలి. ఆకర్షణలు: వేగంగా ఎదుగుతున్న సంస్థ, పైకి ఎదగడానికి అవకాశాలు.

"బృందమేదిరా?" అన్నాను ఫోన్‌లో.

"నువ్వు, అత్త."

"వేగంగా ఎదుగుతాండేదేమి?"

వాడు కాసేపు ఆలోచించి, "అది అన్నిట్లోనూ పెడతాం మామా" అన్నాడు.

"మరి పైకి ఎదగడమంటే? ఈ సంస్థలో నా పైన ఉండేది ఒకటే పోస్టు, మీ అత్తది. అది ఖాళీ లేదు."

కాయితంలో నేనడిగిన పని ఎక్కడా లేదు. నన్ను మంచం మీంచి కుర్చీలోకి ఎలా చేర్చాలన్న ఒక్క ముక్క కూడా లేదు. అయితే వాడి దగ్గర ఒక పనికొచ్చే సంగతి దొరికింది. పని వేళలు అన్న చోట మా అక్క చెప్పించినట్టు "ఇరవై నాలుగు గంటలు" అని ఉంటే వాడే ఎర్రగా గీత గీశాడు. "మామా, ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబోలను కూడా ఆపి మెయింటెనెన్స్ చేస్తారు. మూడు షిఫ్టుల పని ఒకే మనిషితో చేయించి, వాడు నిద్రపోతే తిడతామంటే ఎట్ల?" అన్నాడు. ఇనుముకు ఇచ్చే విశ్రాంతి మనిషికి ఇవ్వాలని చెప్పడానికి పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ రావలసి వచ్చింది.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. పెనుకొండలో పడుకొని ఉన్న కుంభకర్ణుడి భారీ విగ్రహం ఉంది. రాక్షసులు ఒంటి మీదికెక్కి నానా తంటాలు పడి లేపుతుంటారు. రాత్రి డ్యూటీ అడుగుతూ అంతకు ముందు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. "రాత్రి పిలిస్తే లేస్తావా నాయనా?" అంటే "గట్టిగా పిలిస్తే లేస్తా సార్" అన్నాడు. అంత గట్టిగా అరిచే ఓపిక, పైకెక్కి లేపడానికి ఆ రాక్షసుల సాయం ఉంటే నాకు ఈయన అవసరమే ఉండదు కదా.

రెండో చెయ్యి ధర్మవరం బావది. అక్కను ఇచ్చిన ఇల్లు, పట్టు నేసే ఇల్లు. వయసులో ఉన్నన్నాళ్లూ గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకొని నేసినవాడు. ఇప్పుడు మోకాళ్లు, నడుము ఆయన మాట వినవు. మేనల్లుడి కాయితం చదివించుకొని నవ్వాడు.

"చూడు బామ్మర్దీ, నేసేవాడు ఓర్పుండే మనిషా, దేవుడంటే భయముండే మనిషా అని మాస్టర్ వీవర్ ఎప్పుడన్నా అడిగినాడా? ఏ డిజైను, ఎంత జరీ, ఎన్నాళ్లకు చీర దిగల్ల, కూలెంత? ఇంతే మాట. నువ్వూ అంతే రాయి."

ఈ మాట నాకు బాగా నచ్చింది. బావ అక్కడితో ఆగి ఉంటే ఇంకా నచ్చేది. "కూలి కూడా చీరకింత అన్నట్టు పనికింత పెట్టు. కుర్చీలోకి ఎక్కిస్తే ఇంత, దించితే ఇంత, స్నానానికి ఇంత" అన్నాడు. అలా పెడితే వచ్చినవాడు నన్ను రోజుకు నాలుగుసార్లు కడిగి, గంటకోసారి ఎక్కించి దించి, నెలాఖరుకు నా పింఛనంతా పట్టుకుపోతాడని చెప్పాను. "వాడు కష్టపడినట్టే కదా" అన్నాడు బావ. నేతగాడి న్యాయం అది.

పక్కనే కూర్చొని వింటున్న అక్క ఒక్క మాట అంది. "చీర కూలి అంటే నేసిన ఆయన కూలే. కండెలు చుట్టింది నేను, అచ్చుకు పోగులు అతికింది నేను. నా కూలి ఏ లెక్కలో రాసినారు?" బావ ఫోన్ చార్జింగ్ అయిపోతోందన్నాడు.

మూడో చెయ్యి ఒకరిది కాదు, బంధువర్గం మొత్తానిది. వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరూ ఒక్కో లక్షణం చేర్చారు. బలమైనవాడై ఉండాలి, కానీ తక్కువ తినాలి. తక్కువ మాట్లాడాలి, కానీ నాకు పొద్దుపోయేలా మాట్లాడాలి. చదువుకున్నవాడై ఉండాలి, కానీ ఫోన్ చూడకూడదు. పెళ్లి కాకూడదు, అయితే మాటిమాటికీ ఇంటికి పోతానంటాడు. పెళ్లయి ఉండాలి, లేకపోతే బాధ్యత ఉండదు. దైవభక్తి ఉండాలి, పండగలకు సెలవడగకూడదు.

ఈ లక్షణాలన్నీ కలిసినవాడు త్రేతాయుగంలో ఒకాయన ఉండేవాడు. జీతం కూడా అడగలేదు. అయినా ఆయన్ను కూడా రాముడు "మంచిగా నడుచుకో నాయనా" అని చెప్పి పంపలేదు. దక్షిణానికి వెళ్లు, సీతను వెతుకు, తిరిగొచ్చి చెప్పు అన్నాడు సుగ్రీవుడు. ఈ ఉంగరం చూపించు అన్నాడు రాముడు. ఏం పని, ఏ దిక్కు, గుర్తింపు కార్డు, రిపోర్టు, అన్నీ అందులో ఉన్నాయి. లంక తగలబెట్టడం మాత్రం ఆ కాయితంలో లేదు, అది ఇతర చిన్న చిన్న పనుల కింద జరిగిపోయింది.

గ్రూపులో ఒక పెద్దాయన మాత్రం ఎవరికీ వినబడకుండా నాకు విడిగా ఫోన్ చేశాడు. "అన్నీ రాసినావు గానీ, ఏమిటోళ్లో అడగవా?" అన్నాడు. నన్ను రెండు చేతులా పొదివి పట్టుకొని ఎత్తేవాణ్ని, ఒళ్లంతా కడిగేవాణ్ని ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచదు. అవే చేతులు మన వంటింటి గ్లాసు పట్టుకోగానే అందరికీ కులం గుర్తొస్తుంది. ఫోన్ సరిగ్గా వినబడడం లేదన్నాను. బావ దగ్గర నేర్చుకున్న విద్య.

బెంగళూరులో మనుషులను పంపే ఏజెన్సీ ఒకదానికి మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల మొదటి ప్రశ్న నా పేరు కాదు, నా బరువు. మొదట నొచ్చుకున్నాను గానీ, ఆలోచిస్తే ఈ వ్యవహారంలో తెలివైన ప్రశ్న అడిగింది వాళ్లే. ఎత్తేవాడికి నా గుణం కంటే నా బరువే ముఖ్యం. నిలబడలేని మనిషి బరువు చూసుకోవడం ఎలా? మా పక్కింటాయనకు చింతపండు మండీ ఉంది. కుర్చీతో సహా నన్ను మండీలో కాటా ఎక్కించి, కుర్చీ బరువు విడిగా తూచి తీసేశాడు. "తరుగు ఏమన్నా తీస్తావా అన్నా?" అని అడిగితే, "మీకు తరుగేమీ లేదు సార్, అంతా సరుకే" అన్నాడు. అంకె ఇక్కడ చెప్పను. కాయితంలో మాత్రం కాటా చెప్పిందే రాశాం.

అన్ని చేతులూ అయ్యాక మా ఆవిడ ముందు పెన్ను పట్టుకొని కూర్చున్నాను. "నువ్వు రోజూ ఏమేమి చేస్తావో వరసగా చెప్పు" అన్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "నాలుగున్నరకు లేచి నీళ్లు పెడతా. అయిదుకు మిమ్మల్ని పక్కకు తిప్పి వీపు, తుంటి చూస్తా. యాడన్నా ఎర్రగా కందిందంటే పుండు పడతాదని లెక్క, రాత్రి కూడా రెండు గంటలకోసారి తిప్పల్ల. కుర్చీని మంచానికి ఆనించి ముందు బ్రేకులేస్తా, కాళ్ల పలకలు పైకి మడుస్తా. మీ చేయి నా భుజమ్మీద, నా చేతులు మీ నడుముకు. మోకాళ్లు వంచి, ఒకటి రెండు మూడు అని లేపుతా. చంకల కింద చేతులేసి లాగకూడదు, ఉండే ఆ భుజం కూడా ఊడొస్తాది. ఆ తర్వాత బాత్రూం."

అక్కడ ఆగింది.

"బాత్రూంలో?"

"అక్కడ ఏమి చేస్తానో మీకు తెలీదా?"

"నాకు తెలుసు. వచ్చేవాడికి తెలియల్ల కదా. రాయల్ల కదా."

"అయితే రాయండి. కడుగుతా."

ఒక్క మాట. మేనల్లుడి రెండు పేజీల్లో, బంధువుల అన్ని మెసేజుల్లో ఎవరూ రాయనిది, అందరూ దాటుకుపోయినది ఇదే. "అవసరాలు చూసుకోవాలి" అని రాసుకున్నారు, "తోడుగా ఉండాలి" అని రాసుకున్నారు. వచ్చిన మనుషులు మర్నాడు పారిపోయింది కడగాల్సి వచ్చినందుకు కాదు. కడగాలని ముందు చెప్పనందుకు.

రాత్రి మందుల డబ్బా దాకా ఆమె చెప్తూ పోయింది, నేను రాస్తూ పోయాను. పేజీ తిరగేశాను. అది చూసి ఆమే అంది. "ఇదంతా రాస్తే ఎవరూ రారండీ."

"మరి నువ్వెట్ల వచ్చినావు?"

"నాకు రాసియ్యలేదు కదా."

పాఠం చెప్పడంలో నాకు సర్వీసు ఎక్కువ. చెప్పించుకోవడం ఆ రోజు జరిగింది.

నేను సోషల్ టీచర్ని కాబట్టి ఇక్కడ కాస్త చరిత్ర తప్పదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత తిరుమల దేవరాయలు విజయనగరం వదిలి రాజధానిని పెనుకొండకు మార్చాడు. రాజ్యం సగం పోయినా రాచకొలువు రాచకొలువే. తాంబూలం పెట్టె పట్టుకోవడానికి అడపం వాడు, వింజామర వీచడానికి ఇంకొకరు, కాగడా పట్టడానికి మరొకరు. కాళ్లూ చేతులూ బాగున్న రాజుకు ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పేరున్న పని. అడపం వాణ్ని పిలిచి గుర్రానికి గడ్డి వెయ్యమంటే వాడు వేస్తాడా? లేవలేని మామూలు మనిషికేమో అన్ని పనులకూ ఒక్కడే, ఆ పనులకు పేరే లేదు.

మా ఊరికి దగ్గర్లో ఉన్న లేపాక్షి ఇంకో పాఠం. అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరుపణ్ణ ఆ గుడి కట్టించాడు. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఖర్చు చేశాడని అపవాదు వస్తే తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలపురాణం. గోడ మీద ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. పురాణం నిజమో కాదో గాని, ఖర్చు చేసే అధికారం ఎంతవరకో ముందే కాయితం మీద లేకపోతే ఏమవుతుందో దీనికంటే గట్టిగా ఎవరూ చెప్పలేదు. అందుకని మందులకూ కూరగాయలకూ ఇచ్చే డబ్బుకు ఒక చిన్న నోటుపుస్తకం, ఎంతదాకా అడగకుండా ఖర్చు పెట్టొచ్చో ఒక అంకె, రెండూ కాయితంలో పెట్టాను. మా ఇంట్లో ఎవరి కళ్లూ పోకూడదు.

చివరికి తేలిన కాయితం ఇలా ఉంది.

పని: కాళ్లు పనిచేయని, అరవై దాటిన మగమనిషిని మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి చేర్చడం. బరువు ఇంత. ఎలా ఎత్తాలో ఇంటావిడ చూపిస్తుంది, మీకు ఇంకా మంచి పద్ధతి తెలిస్తే మేం నేర్చుకుంటాం.

బాత్రూంకు తీసుకెళ్లడం, కడగడం, స్నానం చేయించడం, గడ్డం గీయడం, బట్టలు తొడగడం. గ్లౌజులు, సబ్బు మావే.

కాళ్లకూ చేతులకూ ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తు. సాయంత్రం బజారుకో గుడికో లైబ్రరీకో కుర్చీ తోయడం. ఎక్కడికో పెద్దాయన చెప్తాడు, మీరూ ఆవిడా కాదు.

వేళలు: పొద్దున ఆరు నుంచి రెండు దాకా, సాయంత్రం కుర్చీ తోసే రోజుల్లో ఇంకో గంట. రాత్రి పని వేరే మనిషిది, వేరే జీతం.

వారానికొక సెలవు. పండగ సెలవులు వేరే. జీతం అంకె ఇదీ, ఒకటో తేదీన. మొదటి వారం ఒకరినొకరు చూసుకోవడానికి, ఆ వారానికీ జీతముంటుంది. ఇది మండీ అన్న సలహా. సాంపిల్ చూడాల, కానీ సాంపిల్‌కూ డబ్బులివ్వాల.

ఓర్పు, నిజాయితీ, దైవభక్తి, చిరునవ్వు వగైరాలన్నీ కొట్టేశాను. అవి ఉంటే సంతోషం. వాటికి విడిగా డబ్బివ్వనప్పుడు షరతుగా పెట్టడం న్యాయం కాదు. "ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అన్న వాక్యాన్ని అక్క కలిపితే దాన్నీ కొట్టేశాను. ఇంట్లో మనిషికి సెలవు లేదు, జీతం లేదు, పని గంటలు లేవు. మా ఆవిడను అడిగితే చెప్తుంది. ఆ వాక్యం చూస్తే తెలిసినవాడెవడూ గడప తొక్కడు.

అక్క ఊరుకోలేదు. చివరన ఎప్పుడో "ఇతర చిన్న చిన్న పనులు" అని చేర్పించింది.

కాయితం ఒకరి తర్వాత ఒకరికి చూపించాం. ఒకాయన చదవకుండానే "ఏ పనైనా చేస్తా సార్" అన్నాడు. ఏ పనైనా చేస్తాననేవాడు ఏ పని దగ్గర ఆగిపోతాడో ఎవరికీ తెలియదు. ఇంకొకాయన అన్నీ విని, "సార్‌కు పింఛనెంత వస్తాది?" అని ఒక్కటే అడిగాడు. ఆయన మనిషి కోసం కాదు, ఆడిట్ కోసం వచ్చాడు.

లేపాక్షి వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతాడు, మా వీధిలో సాయిబులతో వాళ్ల మాటలోనే పలకరించాడు. స్కిల్ ఇండియా కింద నడిపే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేశాడట. కాయితం కిందా మీదా చదివి, పెన్ను అడిగాడు.

"ఈ చిన్న చిన్న పనులంటే ఏమేమి సార్?"

అక్క ఊర్లో లేదు కాబట్టి మా ఆవిడే చెప్పాల్సి వచ్చింది. "అదే నాయనా, గ్యాసు సిలిండర్ లోపల పెట్టడం, కరెంటు బిల్లు, ఎప్పుడన్నా మేడ ఊడ్చడం..."

"అది వేరే పనమ్మా. కావాలంటే వేరే కాయితం రాయండి" అని ఆ లైను కొట్టేశాడు. తర్వాత తలెత్తకుండానే "నేను నీళ్లు తాగే గ్లాసు యాడుంటాది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అంది. "వంటింట్లో, అన్ని గ్లాసులుండే చోటే."

"సార్‌కు కోపమొస్తే తిడతారా?"

"టీచర్ని నాయనా, అలవాటుంది."

"అయితే అది కూడా రాయండి సార్. ఇద్దరమూ తిట్టుకోకూడదని."

రాశాను. తిట్టకూడదన్న షరతు మీద నేను సంతకం పెట్టడం మా ఆవిడ దగ్గరుండి చూసింది. ఆ కాయితంలో ఆమెకు అన్నిటికంటే నచ్చిన పాయింటు అదేనట. దాన్ని తనకూ వర్తింపజేయమంది.

మాది ఇల్లు, ఫ్యాక్టరీ కాదు కదా, ఇంత రాతకోతలెందుకని అడిగినవాళ్లున్నారు. నా జబ్బే వచ్చిన ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన అమెరికాలో ఉండేవాడు. మెడ కింద ఒళ్లు దాదాపు కదలదు, రాత్రిళ్లు ఊపిరి కోసం ఇనుప యంత్రంలో పడుకునేవాడు. బర్కిలీ యూనివర్సిటీలో చదువుకొని, 1972లో అక్కడ వికలాంగుల స్వతంత్ర జీవన కేంద్రం మొదలుపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. తనను చూసుకునేవాళ్లను తానే ఎంచుకోవాలి, తానే పని నేర్పాలి, నచ్చకపోతే తానే మానిపించాలి అన్నదే వాళ్ల వాదం. స్వీడన్‌లో 1994 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇలాంటి సహాయకుణ్ని పెట్టుకునే హక్కే ఉంది, ఖర్చు ప్రభుత్వానిది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఎక్కువ సహాయం అవసరమైనవాళ్లు దానికోసం దరఖాస్తు చేసుకోవచ్చన్న సెక్షన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. నాకు టీచరు పింఛను ఉంది కాబట్టి ఆ దారి నాది కాదు. కానీ ఆ డబ్బు అందే ఇళ్లలో దాంతో ఎవరు ఏ పని, ఎన్ని గంటలు చేస్తున్నారో ఒక్కసారి కాయితం మీద పెట్టి చూస్తే, చాలాచోట్ల ఆ కాయితం మీద ఒకే పేరు కనిపిస్తుంది. ఇంటి ఇల్లాలిదో, కోడలిదో, కూతురిదో.

బెంగళూరులో, అమెరికాలో ఉంటూ ఇక్కడి అమ్మానాన్నలకు మనిషి కోసం వెతుకుతున్న పిల్లలకు నా మాట ఇది. కాయితం మీరు రాయకండి. ముందు మంచం మీద ఉన్న మనిషిని అడగండి, ఎవరు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోవాలో చెప్పే హక్కు ఆ మనిషిది. తర్వాత ఇన్నాళ్లూ ఊరికే చేసినావిడను అడగండి, పని మొత్తం తెలిసింది ఆవిడకే. చెప్పడానికి సిగ్గుపడే మాట ఏదైతే ఉందో దాన్ని మొదటి లైన్లో రాయండి. సెలవు రాయండి, గంటలు రాయండి, గ్లాసు సంగతి రాయండి. మంచితనం గురించి కూడా రాయాలని మరీ అనిపిస్తే, జీతం అన్న మాట పక్కన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ రాయండి. అంకెల్లో.